ఊపిరితిత్తుల క్యాన్సర్: జన్యు పరీక్ష రిపోర్టు కాకినాడలోనే రావాలి

కోనసీమ పల్లెల్లో వారాల తరబడి దగ్గు తగ్గకపోతే ముందు అనుమానించేది టీబీనే. అందులో తప్పు లేదు. కళ్లె ఇస్తే సీబీనాట్ మిషన్ రెండు గంటల్లో టీబీ ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే టీబీ మందు పనిచేస్తుందో లేదో కూడా చెప్పేస్తుంది. అదే దగ్గు ఊపిరితిత్తుల క్యాన్సర్ వల్ల అని తేలితే మాత్రం, ఏ మందు పనిచేస్తుందో చెప్పే జన్యు పరీక్షకి రెండు మూడు వారాలు పట్టడం మామూలైపోయింది. ఆయాసంతో మంచం దిగలేని మనిషికి అన్ని రోజులు చాలా ఎక్కువ.

లంక పొగాకు పండే నేల మనది. పొగాకు పరిశోధన సంస్థ 1947లోనే రాజమండ్రిలో వెలిసింది. అందుకే ఈ జబ్బు అనగానే "చుట్టలు తాగి ఉంటాడు" అనేస్తారు. కానీ చుట్ట ముట్టని ఆడవాళ్లకీ ఇది వస్తోంది. క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో వచ్చే మార్పు ఎక్కువగా కనిపించేది పొగతాగని అలాంటివాళ్లలోనే. పాశ్చాత్య దేశాల్లో అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో ఈ మార్పు 10-15 శాతం మందిలో ఉంటే, మన దేశంలో దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందిలో ఉంటుంది. అలాగని పొగతాగేవాళ్లకి పరీక్ష మానేయకూడదు, వాళ్లలోనూ కొందరికి ఉంటుంది.

ఈ మార్పు ఉన్నవాళ్లకి రోజూ ఒక మాత్ర చాలు. అలాంటి మాత్రే జెఫిటినిబ్. దాని జెనరిక్‌ని హైదరాబాద్ కంపెనీ నాట్కో ఏళ్లుగా తయారుచేస్తోంది. ఎలాగూ మాత్రే కదా, పరీక్ష లేకుండా వాడి చూద్దాం అంటే కుదరదు. 2009లో వచ్చిన ఐపాస్ అధ్యయనంలో మార్పు ఉన్నవాళ్లలో 71 శాతం మందికి జెఫిటినిబ్‌తో గడ్డ తగ్గింది. మార్పు లేనివాళ్లలో తగ్గింది ఒక్క శాతం మందికే. వాళ్లకి కీమోయే మేలు.

మన దగ్గర అసలు చిక్కు ముక్క పరీక్ష (బయాప్సీ) దగ్గరే మొదలవుతుంది. సూదితో తీసే ముక్క అగ్గిపుల్ల కన్నా సన్నం. దాన్ని ఫార్మలిన్‌లో వేసి, మైనం బ్లాక్ చేసి, పలచటి పొరలుగా కోస్తారు. అది క్యాన్సరా, ఏ రకం అని తేల్చడానికే చాలా పొరలు ఖర్చయిపోతాయి. మిగిలింది పెద్ద ఊరి ల్యాబుకి వెళ్తుంది. కొన్నాళ్లకి "శాంపిల్ చాలలేదు" అని కబురొస్తుంది. మళ్లీ సూది, మళ్లీ టెన్షన్.

ఇడిల్లా లాంటి కార్ట్రిడ్జ్ మిషన్లు బ్లాక్ నుంచి కోసిన పొరతోనే సుమారు రెండున్నర గంటల్లో ఈజీఎఫ్ఆర్ ఫలితం ఇస్తాయి. సీబీనాట్‌ని జిల్లాలకి తెచ్చుకోగలిగినప్పుడు, కాకినాడ, రాజమండ్రి పెద్దాసుపత్రుల్లో దీన్ని పెట్టలేమా? చికిత్సకి డబ్బిచ్చే పథకం ఈ పరీక్షకీ ఇవ్వాలి. ఒక కీమో సైకిల్ వృథా అయ్యే కన్నా అదే నయం.

అయితే ఈ మిషన్ ముందే తెలిసిన మార్పులనే వెతుకుతుంది. అందులో నెగెటివ్ వచ్చినంత మాత్రాన కథ ముగిసినట్టు కాదు. ఏఎల్‌కే, రాస్1 లాంటి వేరే జన్యువుల్లో మార్పులూ చూడాలి, చాలా జన్యువుల్ని ఒకేసారి చదివే ఎన్‌జీఎస్ పరీక్ష చేయించాలి. అందుకే బ్లాక్‌లో కొంత మిగల్చమని కుటుంబం మొదటి రోజే అడగాలి. ముక్క తీయడం కష్టమైతే రక్త పరీక్షతోనూ ప్రయత్నించవచ్చు. కానీ అందులో కనబడలేదంటే మార్పు లేదని కాదు.

రిపోర్టు వచ్చేదాకా ఆగలేని రోగి ఉంటాడు. అతనికి కీమో మొదలుపెట్టవచ్చు. ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీని మాత్రం రిపోర్టు వచ్చేదాకా కలపకూడదు. అది ఇచ్చిన వెంటనే ఈజీఎఫ్ఆర్ మార్పుకి వాడే ఒసిమెర్టినిబ్ మాత్రకి మారితే ఊపిరితిత్తులు తీవ్రంగా వాచే ప్రమాదం ఉంది.