గుండె పెట్టె మనకూ కావాలి, కానీ ఏ పెట్టె?

2025 జనవరి 17 రాత్రి హైదరాబాద్ మెట్రో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు ఒక గుండెను చేర్చింది. 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, 13 నిమిషాలు. టీవీలు పండగ చేసుకున్నాయి, చేసుకోవాల్సిందే. అయితే ఆ ఉరుకులన్నీ ఒకే ఒక్క లెక్క కోసం. దాత నుంచి తీసిన గుండె ఐస్‌లో నిలిచేది సుమారు నాలుగు గంటలే. అంబులెన్సు, విమానం, చివరి కుట్టు దాకా అన్నీ ఆ లోపే అయిపోవాలి. రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్ 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేశారు. మన దగ్గర ఐస్ డబ్బా, దాని వెంట పరుగు అప్పటి నుంచీ పెద్దగా మారలేదు.

ఐస్ వల్ల గుండె కణాల ఆకలి తగ్గుతుంది, పూర్తిగా చావదు. ఆక్సిజన్ అందని కణాల్లో ఆమ్లం పేరుకుంటూ పోతుంది. దీనికి విరుగుడుగా అమెరికా కంపెనీ ట్రాన్స్‌మెడిక్స్ ఒక యంత్రం తయారుచేసింది. చక్రాల బండి మీద పారదర్శకమైన మూత, దాని కింద గుండె. దాత రక్తాన్నే లీటరుకు పైగా తీసుకుని, ఆక్సిజన్ కలిపి, దాదాపు ఒంటి వేడి మీద ఉంచి, బృహద్ధమని మీదుగా గుండె సొంత నాళాల్లోకి పంపుతారు. మనిషి లేకుండా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. పక్కన ఉన్నవాళ్లు మాటిమాటికీ కాస్త రక్తం తీసి ల్యాక్టేట్ (ఆక్సిజన్ చాలనప్పుడు కణాల్లో పేరుకునే పదార్థం) చూస్తుంటారు. లోపలికి పోయే రక్తంలో కన్నా తిరిగొచ్చే రక్తంలో అది తక్కువుంటే, గుండె దాన్ని వాడుకుంటోందన్నమాట. పెరుగుతూ పోతే గుండె మీద అనుమానం మొదలవుతుంది.

చూసినవాళ్లు నోరెళ్లబెట్టే దృశ్యమే. ఒక మెలిక మాత్రం ఉంది. ఆ గుండె కొట్టుకునేది ఖాళీగానే. మనిషి ఒంట్లో మోయాల్సిన బరువును అది అక్కడ మోయదు. కాబట్టి పెట్టెలో బాగా కొట్టుకుందని రేపు రోగి ఛాతీలో కూడా అంతే బాగా పనిచేస్తుందని రాసివ్వలేం.

ఈ వెచ్చటి యంత్రం అసలు సత్తా చూపించింది ఆగిపోయిన గుండెల విషయంలో. 2014లో సిడ్నీలోని సెయింట్ విన్సెంట్స్ ఆస్పత్రి వైద్యులు, కొట్టుకోవడం ఆగిన గుండెలను దీని మీద మళ్లీ కదిలించి అమర్చారు. 2023లో వెలువడిన అమెరికా అధ్యయనంలో అలాంటి గుండెలు పొందినవారిలో ఆరు నెలల తర్వాత 94 శాతం మంది బతికి ఉన్నారు. బ్రెయిన్ డెడ్ దాతల గుండెలు పొందినవారిలో అది 90 శాతం. అంటే పాత పద్ధతికి ఏమాత్రం తీసిపోలేదు.

మరి మనం కూడా అదే కొనుక్కోవాలా? నా ఉద్దేశంలో ఇప్పుడే వద్దు. ఆగిన గుండె దానం చాలావరకు, బతికే ఆశ లేని రోగికి వెంటిలేటర్‌ను ఒక పద్ధతి ప్రకారం తొలగించి, గుండె ఆగేదాకా ఆగడం మీద ఆధారపడుతుంది. 1994 నాటి మన అవయవ మార్పిడి చట్టం మరణాన్ని నిర్వచించేటప్పుడు గుండె ఆగడాన్నీ లెక్కలోకి తీసుకుంది, నిజమే. కానీ వెంటిలేటర్ తీయడానికి సుప్రీంకోర్టు 2018లో ఒక దారి చూపి, 2023లో దాన్ని సులభం చేసినా, మన ఐసీయూల్లో డాక్టర్లు ఇప్పటికీ జంకుతున్నారు. కుటుంబాల సంగతి చెప్పక్కర్లేదు. యంత్రానికి ఉన్న పెద్ద లాభమే ఇక్కడ అందనప్పుడు, ఒక్కో వాడకానికి లక్షల రూపాయలు పోసి ఏం సాధిస్తాం?

నా ఓటు రెండో పెట్టెకు. స్వీడన్‌కు చెందిన సర్జన్ స్టిగ్ స్టీన్ పరిశోధనలోంచి వచ్చిన ఎక్స్‌వివో పెట్టెలో గుండె కొట్టుకోదు. 8 డిగ్రీల చల్లదనంలో, ఆక్సిజన్‌తో కూడిన ద్రవం దాని నాళాల్లో నెమ్మదిగా తిరుగుతుంటుంది. 2024లో ఫ్రెంచ్ వెస్టిండీస్ నుంచి పారిస్‌కు ఇలా ఒక గుండెను మామూలు ప్రయాణికుల విమానంలో తెచ్చారు. మొత్తం 12 గంటలు పట్టినా గుండె పనిచేసింది. అదే ఏడాది వచ్చిన యూరప్ పరీక్షలో, మార్చిన గుండె తొలిరోజుల్లోనే మొరాయించడం ఐస్‌లో 28 శాతమైతే ఈ పెట్టెలో 11 శాతం. పరీక్ష పెట్టుకున్న ప్రధాన కొలమానంలో తేడా మాత్రం గణాంకాల గీతను వెంట్రుకవాసిలో అందుకోలేదు, అంటే అది కాకతాళీయం కాదని గట్టిగా చెప్పలేం. దాన్ని దాచిపెట్టి అమ్మేవాళ్లతో జాగ్రత్త.

పన్నెండు గంటలు చేతిలో ఉంటే ఆదిలాబాద్, శ్రీకాకుళం, అనంతపురం కూడా హైదరాబాద్‌కు దగ్గరైనట్టే. అప్పుడు అవయవదానాన్ని నడిపే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పథకాలు, జీవన్‌దాన్‌లు, ఒకరి గుండె ఒకరికి ఎలా ఇవ్వాలో కూర్చుని తేల్చుకోక తప్పదు. అందుకే ఈ పెట్టె కార్పొరేట్ ఆస్పత్రుల చేతికి పోకూడదు. కొంటే జీవన్‌దానే కొనాలి. ఏ ఆస్పత్రిలో మార్పిడి జరిగినా అక్కడికి పంపాలి, ఖర్చు ప్రభుత్వమే భరించాలి. లేకపోతే దూరాల నుంచి వచ్చే గుండెలు కూడా డబ్బున్నవాళ్ల వరుసలోకే చేరతాయి.

ఇక జిల్లా ఆస్పత్రిలో బ్రెయిన్ డెడ్ అని నిర్ధారించే కమిటీ లేకపోతే, బీపీ పడిపోకుండా దాతను చూసుకునే ఇంటెన్సివిస్ట్ (ఐసీయూ నిపుణుడు) లేకపోతే, పెట్టె అక్కడికి చేరేసరికే గుండె పనికిరాకుండా పోతుంది. పెట్టె టెండర్ కన్నా ముందు ఆ పోస్టుల నోటిఫికేషన్ రావాలి.