గేటు కాడి బయోమెట్రిక్ మిషన్ గారికి

మహారాజశ్రీ గేటు పక్క గోడ మీద వెలసిన బయోమెట్రిక్ మిషన్ గారికి, తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో లెక్కలు రాసే గుమాస్తా నమస్కరించి విన్నవించుకునేది.

శనివారం మధ్యాహ్నం మేము రేకుల షెడ్డులో 3 గంటలసేపు నమ్మకం నేర్చుకున్నాము. హైదరాబాదు నుంచి ట్రైనర్ వచ్చినాడు. "మనుషులే మన ఆస్తి" అని తెర మీద చూపించినాడు. ఆ బొమ్మలో అందరూ కోట్లు తొడుక్కోనుండారు. ఆఖర్న ఒక ఆట. ఒకరు కళ్లు మూసుకుని వెనక్కి పడాల, మిగతావాళ్లు పట్టుకోవాల. మా చిన్న సారు ముందుకొచ్చినాడు. 90 కేజీల మనిషి. ఎవరూ కదల్లేదు. పాలిషింగ్ కాడి పెద్దాయన చేతులు తుడుచుకుని పోయి, చంకల కింద ఒడిసి పట్టినాడు. ఒకటే చప్పట్లు.

అయిదున్నరకు అవే చేతులు తెచ్చి తమరి ముందు పెట్టినాడు. "ప్లీజ్ ట్రై అగైన్" అన్నారు. వేలు తలకు రుద్ది పెట్టినాడు. చొక్కాకు తుడిచి, నోటి ఆవిరి ఊది పెట్టినాడు. 11 సార్లు. సోమవారం హాఫ్ డే కట్. రాసింది నా చేత్తోనే.

22 ఏండ్లుగా ఆయన చేతులు నీళ్లలో, రాతిబురదలో నానుతున్నాయి సారూ. బండ నున్నగయ్యేటప్పుడు అరిగేది బండ ఒకటే కాదు గదా. తమరు వెతికే గీతలు యాడో బెంగళూరులో ఎవరింటి వరండాలోనో ఉంటాయి. రేషన్ మిషనూ ఇట్లే సతాయిస్తుంది గానీ, దానికి కన్నయినా చూపించొచ్చు.

పెద్ద సారు కాలంలో హాజరు పుస్తకం ఉండేది. ఆయనేమీ దేవుడు కాదు, జీతం పదో తేదీ దాటించేవాడు, నోరు కూడా మంచిది కాదు. కానీ గేటు కాడ నిలబడి "ఏమప్పా, పాపకు జరం తగ్గిందా?" అంటా టిక్కు పెట్టేవాడు. నువ్వెవరో తెలీదని మాత్రం ఒక్కరితోనూ అనలేదు.

సలహాల పెట్టె సంగతి ఎత్తను, దాని తాళంచెవి చిన్న సారు మొలతాడుకే ఉంది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది పనివాళ్లుంటే ఫిర్యాదుల కమిటీ పెట్టాల, యజమాని తరఫున ఎంతమందో పనివాళ్ల తరఫున అంతమంది. మేము 34 మందిమి. మా కమిటీ తమరే.

ఏం మిషనప్పా నువ్వు? చిన్న సారు కారు రోజూ నీ ముక్కు ముందర నుంచే పోతుంది గదా, ఆయన వేలు ఒక్కరోజన్నా అడిగినావా? పడేటప్పుడు పట్టుకునే చేతులు, జీతం కాడికొచ్చేసరికి ఎవరివో తెలీకుండా పోతాయా? తూ!

క్షమించాల, నోరు జారింది. అసలు సంగతి ఇది. పెద్దాయన బొటనవేళ్లు, చూపుడువేళ్లు, చిటికెనవేళ్లతో సహా పదీ పెట్టి చూసినాడు. ఇంక కాలివేళ్లే మిగిలినాయి. రేపు పొద్దున చెప్పులు విప్పి రావాల్నా, అడిగి చెప్పమన్నాడు.