ఫసాడ్‌లు స్టాటిక్ కావు బాబూ

ఈ వారం ఒకే ఫార్వర్డ్ నాకు మూడు గ్రూపుల్లోంచి వచ్చింది. "లారావెల్‌లో ఫసాడ్‌లు వాడొద్దు. అవి స్టాటిక్ మెథడ్‌లు, టెస్ట్ చేయడం కుదరదు. స్లో. ఒకరి డేటా ఇంకొకరిలో కలిసిపోతుంది. క్లాసు వేటి మీద ఆధారపడిందో దాచేస్తాయి. అసలు అవి ఫసాడ్ ప్యాటర్నే కాదు. పని తెలిసినవాడెవడూ వాడడు." లారావెల్ అంటే పీహెచ్‌పీ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టుకునే ఫ్రేమ్‌వర్క్; క్యాష్, మెయిల్ లాంటి దాని సేవల్ని చిన్న పేరుతో పిలవడానికి అది ఇచ్చే క్లాసులే ఫసాడ్‌లు. చూసి వదిలేద్దును, కానీ మా ఆఫీసులో కొత్తగా చేరిన తమ్ముడు అది చదివి, శనివారమంతా కూర్చుని కోడ్‌లో ఉన్న ఫసాడ్‌లన్నీ పీకేశాడు. పాపం, పొద్దుగూకేవరకూ టీ కూడా తాగలేదు. అందుకే ఈ రాత.

మాది భీమవరం. రొయ్యల రైతులకి పొద్దున్నే కౌంట్‌వారీ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంట్) రేట్లు మెసేజ్ పంపే చిన్న అప్లికేషన్ ఒకటి నడుపుతున్నాం. ఉదాహరణలు అందులోవే ఇస్తాను.

ముందు ఆ "స్టాటిక్" (ఆబ్జెక్ట్ లేకుండా నేరుగా క్లాసు పేరుతో పిలిచేది) సంగతి, ఎందుకంటే మిగతా తప్పులన్నీ దీన్నుంచే పుట్టాయి. క్యాష్ (మళ్లీ కావలసే డేటాని దగ్గర పెట్టుకునే చోటు) అని రాసి, రెండు కోలన్లు పెట్టి, గెట్ అంటాం. చూడ్డానికి స్టాటిక్ పిలుపే. కానీ ఆ క్యాష్ ఫసాడ్ క్లాసు తెరిచి చూడండి, గెట్ అనే మెథడే ఉండదు. లేని స్టాటిక్ మెథడ్‌ని పిలిస్తే పీహెచ్‌పీ కాల్‌స్టాటిక్ అనే మ్యాజిక్ మెథడ్‌ని లేపుతుంది (ఇది 2009లో పీహెచ్‌పీ 5.3తో వచ్చింది). అది గెట్‌ఫసాడ్‌యాక్సెసర్‌ని అడిగి "క్యాష్" అనే తాళంచెవి తీసుకుని, సర్వీస్ కంటెయినర్ (ఆబ్జెక్ట్‌లని తయారుచేసి అందించే లారావెల్ భాగం) దగ్గరికెళ్లి అసలు ఆబ్జెక్ట్‌ని తెచ్చి, దాని మీద గెట్ పిలుస్తుంది. రొయ్యల పట్టుబడి రోజున ఐస్ కోసం రైతు ఫ్యాక్టరీ ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేస్తాడు చూడండి, అలాగన్నమాట. నంబరు ఇరవై ఏళ్లుగా అదే, కౌంటర్లో ఈ రోజు ఎవరు కూర్చుంటే వాళ్లు ఎత్తుతారు.

ఈ పుకారు ఎక్కడ మొదలైందో కూడా ఊహించగలను. లారావెల్ 3లో చాలా క్లాసులు నిజంగానే స్టాటిక్‌వి. 2013లో 4 వచ్చినప్పుడు రాసే తీరు అలాగే ఉంచి, వెనకాల కంటెయినర్‌ని పెట్టారు. కోడ్ పైకి మారలేదు కాబట్టి తిట్లు కూడా మారలేదు.

ఇక టెస్ట్ చేయలేం అన్నది. మా కోడ్‌లో ఒక టెస్ట్ ఉంది: క్యాష్ ఫసాడ్ మీద షుడ్‌రిసీవ్ అని పిలిచి, వంద కౌంట్ రేటు ఎవరైనా అడిగితే ఒక్కసారి 999 ఇవ్వమని చెప్తాం. మెసేజ్‌లో 999 కనపడితే పాస్. జరిగిందేమిటంటే, ఐస్ ఫ్యాక్టరీ కౌంటర్లో మన మనిషిని కూర్చోబెట్టాం, అంతే. మెయిల్, క్యూ, ఈవెంట్ ఫసాడ్‌లకైతే ఫేక్ అనే ఒక్క మాట చాలు, నిజం మెయిల్ ఒక్కటీ బయటికి పోదు. తర్వాతి టెస్ట్ మొదలయ్యేసరికి లారావెల్ టెస్ట్‌కేసే పాత మనిషిని లేపేస్తుంది.

మరి "కుదరట్లేదు" అని ఇంతమంది ఎందుకంటున్నారు? మావాడి స్క్రీన్ చూస్తే తెలిసింది. "ఎ ఫసాడ్ రూట్ హాజ్ నాట్ బీన్ సెట్" అని ఎర్రగా కూర్చుంది. యూనిట్ ఆప్షన్‌తో టెస్ట్ ఫైలు పుట్టిస్తే అది నేరుగా పీహెచ్‌పీయూనిట్ (పీహెచ్‌పీ టెస్టింగ్ లైబ్రరీ) టెస్ట్‌కేస్ మీద నిలబడుతుంది, లారావెల్ అప్లికేషన్ లేవదు, కంటెయినరే లేనప్పుడు ఫసాడ్ ఎవర్ని అడగాలి? ఫైలు పైన ఒక్క లైను మార్చి టెస్ట్స్ ఫోల్డర్లోని టెస్ట్‌కేస్ పెట్టుకుంటే పోయేదానికి వాడు యాభై చోట్ల కోడ్ మార్చాడు.

స్లో అన్నదాని గురించి ఎక్కువ చెప్పను. ఒక మ్యాజిక్ పిలుపు, ఒక అర్రేలో వెతుకులాట. మొదటిసారి దొరికిన ఆబ్జెక్ట్‌ని ఫసాడ్ దగ్గరే పెట్టుకుంటుంది కూడా. అదే రిక్వెస్ట్‌లో ఇండెక్స్ లేని టేబుల్ మీద నాలుగు క్వెరీలు కొడుతూ దీని గురించి టెన్షన్ పడితే నేనేం చెప్పను?

డేటా కలిసిపోవడం నిజంగా జరుగుతుంది, మాకే జరిగింది. రైతు వివరాలు పట్టుకునే సర్వీస్‌ని సింగిల్‌టన్‌గా (ప్రాసెస్ మొత్తానికీ ఒకే ఆబ్జెక్ట్) కట్టాం. క్యూ వర్కర్ (వరసలో పెట్టిన పనులు ఒక్కొక్కటే చేసేది) రోజంతా బతికే ప్రాసెస్ కదా, మొదటి జాబ్‌లో ఎక్కిన రైతు పేరు రెండో జాబ్‌లోనూ దిగలేదు. ఉండి వైపు ఆయనకి వెళ్లాల్సిన రేటు మెసేజ్‌లో ఆకివీడు ఆయన పేరు. పొద్దున ఆరుకే ఫోన్, "ఏవండీ, నా పేరెప్పుడు మార్చారు?" అని. ఆ క్లాసులో ఒక్క ఫసాడ్ లేదు, మొత్తం కన్‌స్ట్రక్టర్ ఇంజెక్షనే (కావలసిన ఆబ్జెక్ట్‌లని క్లాసు పుట్టేటప్పుడే చేతికివ్వడం). సింగిల్‌టన్‌ని స్కోప్డ్‌గా (జాబ్ జాబ్‌కీ కొత్త ఆబ్జెక్ట్) మార్చాక సర్దుకుంది. అయితే ఒకటి ఒప్పుకుంటాను: ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్ రావాలని మామూలు బైండ్‌తో కట్టినా, ఫసాడ్ ద్వారా పిలిస్తే మొదటిదాన్నే దాచుకుని ఇస్తుంది. సొంత ఫసాడ్ రాసుకునేవాళ్లు క్యాష్డ్ అనే ప్రాపర్టీని ఫాల్స్ చేస్తే అది ఆగుతుంది. ఫార్వర్డ్ రాసినాయన ఇది రాసుంటే నేనే నలుగురికి పంపేవాణ్ణి.

ఆధారాలు దాచేస్తాయి అన్నదాంట్లో సగం నిజముంది. ఫైలు పైన యూజ్ లైన్లలో ఫసాడ్ పేర్లు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి పూర్తిగా దాగినట్టు కాదు. కానీ కన్‌స్ట్రక్టర్‌లో ఏడు ఆర్గ్యుమెంట్లు చూస్తే ఎవరికైనా కళ్లు మండుతాయి, ఏడు ఫసాడ్‌లు మాత్రం చప్పుడు చేయకుండా కూర్చుంటాయి. మా రేట్ల క్లాసు అలాగే ఉబ్బింది: క్యాష్, డీబీ, హెచ్‌టీటీపీ, మెయిల్, లాగ్, క్యూ, స్టోరేజ్ అన్నీ ఒక్కదాంట్లోనే. లారావెల్ డాక్యుమెంటేషనే దీన్ని ఫసాడ్‌లతో ఉన్న ముఖ్యమైన ప్రమాదం అని హెచ్చరిస్తుంది.

పేరు విషయంలో మాత్రం వాదించను. 1994 నాటి డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకంలో ఫసాడ్ అంటే ఒక పెద్ద వ్యవస్థ ముందు పెట్టే సులువైన ముఖద్వారం. లారావెల్‌ది ప్రాక్సీకి (ఇంకో ఆబ్జెక్ట్ తరఫున పిలుపులందుకునేది) దగ్గర, సర్వీస్ లొకేటర్‌కీ (అడిగిన సేవని వెతికిచ్చేది) చుట్టమే. మా ఆఫీసులో దాన్ని "ఫకేడ్" అని పిలిచేవాడు కూడా ఉన్నాడు, కోడ్ మాత్రం శుభ్రంగా రాస్తాడు.

సోమవారం తమ్ముడి మార్పుల్లో చాలావరకు వెనక్కి తీశాం, అన్నీ కాదు. బయటి ఎస్సెమ్మెస్ గేట్‌వేతో మాట్లాడే క్లాసుకి అతను పెట్టిన ఇంజెక్షన్ బాగుంది, రేపు గేట్‌వే మార్చాలన్నా ఆ ఇంటర్‌ఫేస్ ఉంటుంది, కాబట్టి ఉంచాం. కంట్రోలర్లలో లాగ్, క్యాష్ ఫసాడ్‌లు తిరిగొచ్చాయి. ఉబ్బిన రేట్ల క్లాసుని మూడు ముక్కలు చేసే పని అతనికే ఇచ్చాను. ఈసారి మధ్యలో టీ తాగుతున్నాడు.