ఇంటి నాస్‌కు ఏ ఓఎస్? ముందు డిస్కుల సంగతి తేల్చుకోండి

గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వను ఆపేశాక, 15 జీబీ నిండిపోయిన కుటుంబాలకు రెండే దారులు మిగిలాయి. నెలనెలా అద్దె కట్టడం ఒకటి, నిల్వను ఇంట్లోనే ఏర్పాటు చేసుకోవడం రెండోది. రెండో దారి ఎంచుకుని, మూలనపడిన డెస్క్‌టాప్‌కు మూడు నాలుగు హార్డ్ డిస్కులు తగిలించి నాస్ సర్వర్‌గా (ఇంట్లోని పరికరాలన్నీ నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు దాచుకునే యంత్రంగా) మార్చాలనుకునేవారు సాధారణంగా ట్రూనాస్, ఓపెన్‌మీడియావాల్ట్, అన్‌రెయిడ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ల (ఓఎస్‌ల) దగ్గర ఆగి ఆలోచిస్తారు. ఏది చూడటానికి బాగుంది, ఎందులో ఎక్కువ యాప్‌లు నడుస్తాయి అన్నవాటి మీదే పోలిక సాగుతుంది. నా దృష్టిలో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఈ ఓఎస్ రేపు లేకపోయినా, డిస్కుల మీద ఉన్న పిల్లల ఫొటోలను మరో కంప్యూటర్‌లో తెరవగలమా?

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో ట్రూనాస్ చరిత్రే చెబుతుంది. 2005లో ఒలివియర్ కొషార్ లబే ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఓఎస్ పునాదిగా ఫ్రీనాస్‌ను మొదలుపెట్టారు. కొన్నేళ్లకు ఐఎక్స్‌సిస్టమ్స్ సంస్థ దాని బాధ్యత తీసుకుంది, 2020లో పేరు ట్రూనాస్ కోర్ అయింది. 2022లో డెబియన్ లినక్స్ మీద నడిచే ట్రూనాస్ స్కేల్ విడుదలైంది, ఆపైన కొత్త అభివృద్ధి అంతా దానివైపే మళ్లింది. కోర్‌లో జెయిల్స్ పద్ధతిలో (యాప్‌లను వేర్వేరు గదుల్లా విడిగా నడిపే ఫ్రీబీఎస్‌డీ ఏర్పాటు) యాప్‌లు నడుపుకున్నవారు స్కేల్‌కు వచ్చినప్పుడు వాటిని మళ్లీ మొదటి నుంచి అమర్చుకోవలసి వచ్చింది. స్కేల్‌లో సైతం యాప్‌ల వ్యవస్థ మొదట యాప్‌లను నడిపించే కుబర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఉండి, 2024 చివరలో డాకర్ అనే మరోదానికి మారింది. ఇన్ని మార్పుల్లోనూ చెక్కుచెదరనిది ఒక్కటే, డిస్కుల మీది జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను డిస్కు మీద అమర్చే పద్ధతి). ఫ్రీబీఎస్‌డీలో తయారైన పూల్‌ను (ఒకటిగా కలిపిన డిస్కుల సమూహాన్ని) లినక్స్ ఇంపోర్ట్ చేసుకుని యథాతథంగా చదివింది. యాప్‌ల కోసం ఓఎస్‌ను ఎంచుకున్నవారు ఇబ్బంది పడ్డారు, డిస్కుల మీది అమరికను చూసి ఎంచుకున్నవారి డేటా నిలిచింది.

సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ డేటాలోని ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ (డేటా మారిందో లేదో చెప్పే సరిచూపు సంఖ్య) రాసిపెడుతుంది. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని పెళ్లి వీడియోలో ఒక భాగం డిస్కు మీదే నిశ్శబ్దంగా పాడైతే, స్క్రబ్ (డేటా మొత్తాన్ని చదివి సరిచూసే తనిఖీ) నడిపినప్పుడు ఆ లోపం బయటపడుతుంది, రెండో ప్రతిగానీ పారిటీగానీ (పోయిన డేటాను తిరిగి లెక్కగట్టడానికి దాచే అదనపు సమాచారం) ఉంటే అక్కడికక్కడే సరిదిద్దుకుంటుంది. లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌కు ఫైళ్లలోని డేటా విషయంలో ఈ శక్తి లేదు. ఒక టెరాబైటుకు ఒక జీబీ ర్యామ్ తప్పనిసరి అన్న మాట చాలాకాలంగా చలామణిలో ఉంది గానీ, ఇంటి వాడకానికి అది నియమమేమీ కాదు. ట్రూనాస్ అడిగే కనీస ర్యామ్ 8 జీబీ, అది ఉంటే ఫైళ్లు దాచుకోవడానికి సరిపోతుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్‌తో అసలు చిక్కు డిస్కుల పరిమాణాల దగ్గర వస్తుంది. మన ఇళ్లలో దొరికేవి ఒకే సైజు డిస్కులు కావు. 4 టీబీ, 2 టీబీ, 1 టీబీ డిస్కులను కలిపి రెయిడ్‌జెడ్1 (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే జెడ్‌ఎఫ్‌ఎస్ అమరిక) చేస్తే, మూడింటినీ 1 టీబీగానే లెక్కగట్టి సుమారు 2 టీబీ మాత్రమే ఇస్తుంది. ఉన్న వరుసకు ఒక డిస్కు చేర్చుకునే వీలు కూడా 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తోనే కలిగింది. అవే మూడు డిస్కులను అన్‌రెయిడ్‌లో పెట్టి, పెద్దదాన్ని పారిటీకి కేటాయిస్తే 3 టీబీ వాడుకోవచ్చు. పైగా దాని సంప్రదాయ అర్రేలో (డిస్కుల సమూహంలో) ప్రతి డిస్కుకూ సొంత ఫైల్ సిస్టమ్ ఉంటుంది కాబట్టి, రెండు డిస్కులు ఒకేసారి పోయినా, మిగిలినది పారిటీ డిస్కు కాకపోతే దాని మీది ఫైళ్లు భద్రంగా ఉంటాయి. అయితే అన్‌రెయిడ్‌కు డబ్బు కట్టాలి. 2024లో మారిన విధానం ప్రకారం చౌక లైసెన్సులకు ఏడాది పాటే అప్‌డేట్లు వస్తాయి, ఆ తర్వాత కొత్త వెర్షన్లు కావాలంటే మళ్లీ చెల్లించాలి.

పాత డిస్కులు, తక్కువ ర్యామ్, పరిమిత బడ్జెట్ ఉన్న ఇంటికి నేను ఓపెన్‌మీడియావాల్ట్‌నే సూచిస్తాను. ఫ్రీనాస్ కోసం పనిచేసిన ఫోల్కర్ టైలె దీన్ని 2011లో డెబియన్ పునాదిగా విడుదల చేశారు. నేటికీ ప్రధాన భారం ఆయన మీదే ఉండటం ఆలోచించవలసిన విషయమే. కానీ ఆ ప్రాజెక్టు ఆగిపోయినా కింద ఉన్నది డెబియన్, డిస్కుల మీద ఉన్నది ఏ లినక్స్ అయినా చదవగల ఈఎక్స్‌టీ4. దీనికి మెర్జర్‌ఎఫ్‌ఎస్, స్నాప్‌రెయిడ్ అనే రెండు సాఫ్ట్‌వేర్లు జతచేస్తే వేర్వేరు సైజుల డిస్కులు ఒకే ఫోల్డర్‌లా కనిపిస్తాయి, పారిటీ రక్షణా దొరుకుతుంది, ఈఎక్స్‌టీ4కు లేని చెక్‌సమ్ తనిఖీని కూడా స్నాప్‌రెయిడ్ చేసిపెడుతుంది. కాకపోతే స్నాప్‌రెయిడ్ నిర్ణీత వేళల్లోనే సింక్ అవుతుంది (అంటే పారిటీని తాజాపరుస్తుంది), చివరి సింక్ తర్వాత చేర్చిన ఫైళ్లకు అప్పటికి రక్షణ ఉండదు. ఫొటోలు, సినిమాల వంటి అరుదుగా మారే వాటికి ఇది చాలు, రోజూ మారే ఆఫీసు ఫైళ్లకు చాలదు. ఒకే సైజు డిస్కులు కొత్తగా కొనగలిగినవారికి మాత్రం ట్రూనాసే మేలు.

కరెంటు కోతల సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ట్రూనాస్, ఓపెన్‌మీడియావాల్ట్ రెండింటిలోనూ యూపీఎస్ బ్యాటరీ అడుగంటితే సర్వర్‌ను సవ్యంగా ఆపే సదుపాయం ఉంది. కానీ అది పనిచేయాలంటే సాధారణంగా యూపీఎస్ నుంచి సర్వర్‌కు యూఎస్‌బీ కేబుల్ కావాలి. మన ఇళ్లలోని మామూలు ఇన్వర్టర్లు కంప్యూటర్‌కు ఏ కబురూ పంపవు కాబట్టి, నాస్‌కు చిన్న యూపీఎస్ విడిగా పెట్టుకోవాలి.

ఏది ఎంచుకున్నా, అసలు ఫొటోలు ఎక్కించకముందే కొన్ని నమూనా ఫైళ్లు వేసి, డిస్కులు ఊడదీసి, ఉబుంటు ఉన్న మరో కంప్యూటర్‌కు తగిలించి తెరిచి చూడాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే ఆ కంప్యూటర్‌లో దాని ప్యాకేజీ వేసి పూల్‌ను ఇంపోర్ట్ చేయాలి. ట్రూనాస్ అప్‌డేట్ అయ్యాక పూల్‌ను అప్‌గ్రేడ్ చేయమన్న సూచన కనిపిస్తే వెంటనే నొక్కకూడదు, ఎందుకంటే కొత్త ఫీచర్లు చేరిన పూల్‌ను పాత వెర్షన్లు తెరవలేకపోవచ్చు. ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవారు తాళంచెవి (కీ) ఫైలును ఆ సర్వర్‌లో కాకుండా మరోచోట దాచుకుని, ఈ పరీక్షను ఆ తాళంచెవితోనే చేయాలి.