సార్క్ గారికి, బరంపురం నుంచి

దక్షిణాసియా దేశాల కూటమి, మహారాజశ్రీ సార్క్ గారి సముఖానికి,

బరంపురం టిఫిన్ హోటల్ వాడు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేం కులాసా. మీ కులాసా సంగతే తెలియడం లేదు. మా అమ్మాయి జీకే పుస్తకంలో మాత్రం దివ్యంగా ఉన్నారు: పుట్టింది 1985లో, ఢాకాలో. ఆఫీసు ఖాట్మండులో. చివరి శిఖరాగ్ర సమావేశం 2014లో. ఆ తర్వాత పిల్లకి బట్టీ పట్టే పని పెట్టలేదు, సంతోషం.

మా వంటమాస్టరుది మీ ఆఫీసున్న దేశమే. 11 ఏళ్ళుగా బహదూర్ అని పిలుస్తున్నాం. అది అతని పేరు కాదని మొన్న బ్యాంకులో నాగరికతా కార్డు (నేపాల్ వాళ్ళ పౌరసత్వ కార్డు) బయటికి తీసినప్పుడే తెలిసింది. సిగ్గేసింది. ఇంటికి 12 వేలు పంపాలన్నాడని తీసుకెళ్ళాను. మన బ్యాంకుల్లోంచి నేపాల్‌కి డబ్బు పంపే స్కీము రిజర్వ్ బ్యాంకు 2008లోనే పెట్టింది. ఆ ముక్క కౌంటర్‌లో అబ్బాయికి ఎవరూ చెప్పినట్టు లేదు. కార్డు తిరగేసి, బోర్లేసి, గోటితో గీకి, "ఇతను ఫారినరా, మనోడా?" అన్నాడు.

"రెండూనూ" అన్నాను.

"సిస్టమ్‌లో రెండూ అని ఉండదండీ."

పదకొండున్నరకి తీసుకున్న టోకెను నాలుగింటికి "భువనేశ్వర్ వెళ్ళి కనుక్కోండి" అన్న మాటతో చెల్లిపోయింది. హోటల్ ఆ పూటకి మూత.

ఆ నాలుగున్నర గంటలూ ఫోన్‌లో మీ 2014 ఖాట్మండు ప్రకటన చదివాను. చదవక చేసేదేముంది? వలస కార్మికుల క్షేమం కోసం కలిసి పనిచేస్తామని రాశారు. కళ్ళు చెమర్చాయి. వాక్యం చివరిదాకా వెళ్తే, అదంతా ఈ ప్రాంతం బయట దేశాలకి పోయినవాళ్ళ కోసమట! అంటే మా మాస్టరు దుబాయ్‌లో గిన్నెలు తోమితే మీ బిడ్డ, బరంపురంలో దోసె వేస్తే ఎవరి బిడ్డా కాదు.

మీ వీసా మినహాయింపు జాబితాలో 24 రకాల వాళ్ళున్నారు. జడ్జీలు, ఎంపీలు, వ్యాపారులు, క్రీడాకారులు. వంటవాడు లేడు. నేపాలీ ఇక్కడికి వీసా లేకుండా వస్తున్నాడంటే అది 1950 భారత్-నేపాల్ ఒప్పందం చలవ, మీది కాదు. దాని మీద కూడా అటు ప్రధాని సంతకం పెడితే ఇటు మన రాయబారి పెట్టాడు. అవతల యజమాని వచ్చి కూర్చుంటే మనం గుమాస్తాని పంపినట్టు. అన్నదమ్ములం అంటూనే అన్న ఎవరో అప్పుడే తేల్చేశాం. 2015లో సరిహద్దు దగ్గర లారీలు ఆగిపోయి, అక్కడ గ్యాస్ బండ దొరక్క మాస్టరు వాళ్ళమ్మ కట్టెల పొయ్యి ఊదుకుంది. మీరేం చేశారు? ఇద్దరి మధ్య తగాదాలు మన దగ్గర మాట్లాడుకోకూడదని చార్టర్‌లోనే రాసిపెట్టుకున్నారట. పంచాయితీ పెట్టి తగువులు మాత్రం తేవద్దంటే ఇక దేనికయ్యా నువ్వు? టీ బిస్కెట్లకా?

మా తాత గోపాల్‌పూర్‌లో ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళాడు. చేతిలో టికెట్టు తప్ప ఇంకేం లేదట. ఆ పాత రేవు స్తంభాలు ఇప్పటికీ సముద్రంలో నిలబడి ఉన్నాయి. వాటి మీద కాకులైనా వాలతాయి.

(కోపంలో నువ్వు అనేశాను. వెనక్కి తీసుకోను.)

ఆ 12 వేలూ ఇప్పుడు మాస్టరు బావ బనీను లోపలి జేబులో, గోరఖ్‌పూర్ దారిలో ఉన్నాయి. జేబు నేనే కుట్టించాను. సరిహద్దులో సునౌలీ దాటగానే ఫోన్ చేస్తానన్నాడు. ఫోన్ పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను. మాస్టరు దోసె వేస్తూ వేస్తూ ఇటే చూస్తున్నాడు. ఇంకా మోగలేదు.