సవరణ: ‘లెట్ ఇట్ బి’ గురించి నేను రాసింది తప్పు

బీటిల్స్ ఆల్బమ్‌లకు ర్యాంకులిస్తూ మొన్న పెట్టిన పోస్టులో, ‘యాబీ రోడ్’ తర్వాత ఓపిక అయిపోయి చేసిన రికార్డు ‘లెట్ ఇట్ బి’ అన్నాను. అది తప్పు. విడుదల తేదీలు మాత్రమే చూసి రాసేశాను.

రికార్డింగ్ తేదీల వివరాలు చూస్తే వరుస తిరగబడుతుంది. 1970 మేలో వచ్చిన ‘లెట్ ఇట్ బి’లో ఎక్కువ భాగం 1969 జనవరిలోనే రికార్డయింది. ‘యాబీ రోడ్’ పని చాలావరకు ఆ తర్వాత జరిగి, అదే ఏడాది సెప్టెంబరులో బయటికొచ్చింది. అంటే నేను అలసట అన్నదాని తర్వాతే వాళ్లు అంత గొప్ప రికార్డు చేశారు! 1970లో కలిపినవి కొన్ని ఉన్నాయి. ‘ఐ మీ మైన్’ పాటను 1970 జనవరిలో, బ్యాండ్‌లోని జాన్ లెనన్ లేకుండా రికార్డు చేశారు.

అదే ఆల్బమ్‌లోని ‘ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ పాటలో తీగవాద్యాలు, కోరస్ మరీ ఎక్కువయ్యాయని బ్యాండ్‌నే తప్పుపట్టాను. అవి రికార్డు నిర్మాత ఫిల్ స్పెక్టర్ 1970 ఏప్రిల్‌లో చేర్చినవి, ఆ పాట రాసిన పాల్ మెకార్ట్‌నీకి అస్సలు నచ్చలేదు. 2003లో వచ్చిన ఈ ఆల్బమ్ ‘నేకెడ్’ ఎడిషన్‌లో ఆ హంగులేవీ లేవు. పియానో, గొంతు దగ్గరగా వినిపిస్తాయి, పాట ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఉంటుంది.

ఇందులోని ‘వన్ ఆఫ్టర్ 909’ పాట 1969 జనవరి 30న లండన్‌లో ఓ మేడమీద, చలిలో వాయించినది. అందులో అలసట ఎక్కడా లేదు. అందుకే ‘లెట్ ఇట్ బి’ని నా జాబితాలో పన్నెండో స్థానం నుంచి తొమ్మిదికి తెస్తున్నాను. ‘యాబీ రోడ్’ స్థానం మారదు.