కొమ్ములెవరికి ఉన్నాయి?

ఎవరైనా కాస్త మిడిసిపడితే ‘నీకేమన్నా కొమ్ములున్నాయా?’ అని నిలదీయడం మనకు తాతల నాటి అలవాటు. ఈ ప్రశ్నను పుట్టించిన పెద్దలు నల్లమల వైపు ఒక్కసారైనా వెళ్లి ఉండరని నా గట్టి అనుమానం. అక్కడి కొండగొర్రె పోతుకు ఏకంగా నాలుగు కొమ్ములుంటాయి. లేడిజాతిలో ఈ వైభవం మరి దేనికీ లేదు. శాస్త్రజ్ఞులు ఎంత మురిసిపోయారంటే, దానికి ‘టెట్రాసెరస్ క్వాడ్రికార్నిస్’ అని నామకరణం చేసి, నాలుగు కొమ్ములదన్న ఒక్క ముక్కనే గ్రీకులో ఒకసారి, లాటిన్‌లో మరోసారి చెప్పుకున్నారు. (ముందు జత చాలావాటికి బొడిపెలను మించదు, కానీ పేరు పెట్టేశాక కొలతలు తీయడం మర్యాద కాదు.) ఇంత సంపద గల ఆ 20 కిలోల జీవి ఏం చేస్తుందయ్యా అంటే, అలికిడి వినగానే గడ్డిలో నక్కుతుంది.

ఊరకాకికి కొమ్ముల మాట దేవుడెరుగు, ఒంటి బరువే సుమారు 300 గ్రాములు. అయినా మా డాబా మీద ఎండబెట్టిన గుమ్మడి వడియాల నడుమ దాని నడక చూస్తే, ఇంటి పన్ను అదే కడుతున్నదేమో అనిపిస్తుంది. అమ్మ కర్ర ఎత్తినా ఎగరదు. రెండడుగులు పక్కకు జరిగి, మెడ వాల్చి, ఆవిడ చేతి పొడవును ఒంటికంటితో కొలుచుకుంటుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కొండగొర్రెను మొదటి షెడ్యూల్లో కూర్చోబెట్టి, కాకిని ఎలుకలతో కలిపి ఐదో షెడ్యూల్లో, అంటే హానికర జీవుల వరుసలో నిలబెట్టింది. 2022 సవరణతో ఆ ఐదో షెడ్యూలు ఎగిరిపోయింది. ఈ ఉత్తర్వులేవీ ఆ ఇద్దరికీ అందిన దాఖలా లేదు: అది నక్కడం మానలేదు, ఇది వడియాలు మానలేదు.

నాన్నగారి తద్దినం నాడు మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. అదే డాబా మీద, విస్తరాకు ముక్కలో నువ్వులు కలిపిన పిండం ఉంచి, మేమంతా చేతులు కట్టుకుని వెనక్కి తగ్గి నిలబడతాం. వడియాలకు పిలవకుండా వచ్చే ప్రాణి, పిండానికి పిలిచేసరికి నీళ్ల ట్యాంకు మీద కూర్చుని ఈకలు సవరించుకుంటుంది. ‘ఆయనకి ఏ కోరిక మిగిలిపోయిందో’ అని అమ్మ బెంగపడుతుంది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని బావగారు గడియారం చూసుకుంటారు. నిరుడు 40 నిమిషాలు పట్టింది. కర్రను అమ్మే స్వయంగా తీసుకెళ్లి మెట్ల కింద దాచి వస్తే గానీ అది కిందికి దిగలేదు.